ఎలక్ట్రాన్లు ఏరై పారితే..!

పెన్సిల్ ముల్లులోంచి ఊడొచ్చిన ఓ రేకు... మందం ఒక్క పరమాణువు. అందులో ఎలక్ట్రాన్లు ఒంటరిగా పరుగెత్తడం మానేసి తేనెలా చిక్కగా, గుంపుగా పారుతున్నాయి. ఆ రేకును అయస్కాంతం మధ్య పెడితే అందులోంచి వెళ్లే వెలుగే మెలితిరుగుతోంది. ఈ రెండు వింతలూ కలిస్తే ఏమవుతుంది? ప్రపంచంలోని పెద్దపెద్ద ప్రయోగశాలలు ఇప్పుడు తేల్చుకోవాలనుకుంటున్న ప్రశ్న ఇదే!

ఆషాఢమాసం... లష్కర్ బోనాల ఆదివారం. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడికి వెళ్లే సందుల్లో ఇసుకేస్తే రాలనంత జనం. ఆ గుంపులో ఒక్కసారైనా నడిచినవాళ్లకు ఈ సంగతి అనుభవమే... అక్కడ మనం నడవం, గుంపే మనల్ని నడిపిస్తుంది. వీధి నడిమధ్యన ఉన్నవాళ్లు చకచకా ముందుకెళ్లిపోతుంటారు. గోడవారగా చిక్కుకున్నవాళ్లు నత్తనడక నడుస్తుంటారు. మలుపు దగ్గర కొందరు సుడిలో పడ్డట్టు గుండ్రంగా తిరిగి వచ్చిన వైపే వెళ్లిపోతుంటారు. అచ్చం వాగు నీళ్లలాగే!

అదే వీధిని మామూలు రోజున చూడండి. తోపుడు బళ్లు, ఆగిన ఆటోలు, బేరాలాడుతున్న జనం... ఎవరికి వారు అడ్డాలు తప్పించుకుంటూ, గుద్దుకుంటూ వెళ్తుంటారు. తెల్లవారుజామున మూడింటికి వెళ్తే వీధంతా ఖాళీ. ఈ చివర బయల్దేరితే ఆ చివర దాకా ఆగకుండా సూటిగా పోవచ్చు.

వీధి ఒకటే. మనుషులూ ఆ మనుషులే. నడక తీరు మాత్రం మూడు రకాలు.

పదార్థాల్లో పారే ఎలక్ట్రాన్లకూ సరిగ్గా ఈ మూడు రకాల నడకలూ సాధ్యమే. అందులో మొదటి రెండూ శాస్త్రవేత్తలకు ఎప్పట్నుంచో తెలుసు. మూడోదాన్ని, అంటే బోనాల గుంపు నడకను కళ్లారా చూడటానికే దశాబ్దాలు పట్టింది.

తీగలో ఏం జరుగుతుంది?

ఇంటర్మీడియట్ ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే కరెంటు గురించి ఓ బొమ్మ ఉంటుంది. రాగి తీగలో ఎలక్ట్రాన్లు బంతుల్లా పరుగెడుతుంటాయి. దారిలో కంపిస్తున్న పరమాణువులకూ, లోహంలోని మలినాలకూ తగిలి దిశ మారుతుంటాయి. ఆ గుద్దులాటే విద్యుత్ నిరోధం. అందువల్లే తీగ వేడెక్కుతుంది. ఈ బొమ్మను 1900లో జర్మనీ శాస్త్రవేత్త పాల్ డ్రూడ్ గీశాడు. ఆ తర్వాత క్వాంటమ్ సిద్ధాంతం వచ్చి ఎన్నో దిద్దుబాట్లు చేసినా, 'ఎలక్ట్రాన్ దారి ఎలక్ట్రాన్‌దే' అన్న ఊహ మాత్రం అలాగే నిలిచిపోయింది.

కానీ ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి కూడా ఢీకొంటాయి కదా! అదే ఎక్కువైతే?

1963లో సోవియట్ శాస్త్రవేత్త రాడీ గుర్జీకి ఈ ప్రశ్నే వచ్చింది. రెండు ఎలక్ట్రాన్లు ఢీకొంటే ఒకటి కోల్పోయిన ఊపు రెండోదానికి వెళ్తుంది. అంటే గుంపు మొత్తంగా చూస్తే ఊపు ఎక్కడికీ పోదు. ఇంటి డబ్బు అన్న జేబులోంచి తమ్ముడి జేబులోకి వెళ్లినట్టన్నమాట! ఆ ఊపు గుంపును దాటి బయటికి పోవాలంటే గోడకు రాసుకోవాలి. కాబట్టి ఎలక్ట్రాన్ల మధ్య గుద్దులాటే మిగతా అన్నిటికన్నా ఎక్కువగా జరిగితే, అవి గొట్టంలో నీళ్లలాగా పారాలి. అప్పుడు తీగను కాస్త వేడి చేస్తే నిరోధం పెరగడానికి బదులు తగ్గాలి కూడా. గుర్జీ లెక్క తేల్చింది అదే.

లెక్క బాగానే ఉంది. చూపించడమే కష్టమైంది. మామూలు లోహాన్ని చల్లబరిస్తే ఎలక్ట్రాన్లు మలినాలకు తగులుతాయి. వేడి చేస్తే కంపించే పరమాణువులకు తగులుతాయి. తమలో తాము ఢీకొనేంత తీరిక వాటికి దొరకదు! 1995లో గాలియం ఆర్సెనైడ్‌తో చేసిన సన్నని తీగల్లో ఇలాంటి ప్రవాహపు జాడలు కనిపించాయి. కానీ మనసు నిండే సాక్ష్యం కోసం మరో రెండు దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది. ఈలోపు గ్రాఫీన్ వచ్చింది.

పెన్సిల్ ముల్లు మహిమ

పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైట్. దాన్ని కార్బన్ పొరల దొంతర అనుకోవచ్చు. ఒక్క మిల్లీమీటరు మందంలో దాదాపు 30 లక్షల పొరలుంటాయి. 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నోవొసెలోవ్‌లు మామూలు అంటుకునే టేపుతో గ్రాఫైట్‌ను పొరలు పొరలుగా లాగి, చివరికి ఒక్కటే పొరను విడదీయగలిగారు. అదే గ్రాఫీన్. ఆ పనికి 2010లో నోబెల్ బహుమతి వచ్చింది.

అందులోని కార్బన్ పరమాణువులు తేనెతుట్టెలోని గదుల్లా ఆరు మూలల వరుసల్లో అమరి ఉంటాయి. ఆ అమరిక వల్ల ఎలక్ట్రాన్లు తమకు బరువే లేనట్టుగా, సెకనుకు సుమారు వెయ్యి కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతాయి. ఆ వేగంతో మనం బయల్దేరితే సికింద్రాబాద్ స్టేషన్ నుంచి ఢిల్లీకి రెండు సెకన్లు కూడా పట్టదు! పైగా పరమాణువుల మధ్య బంధాలు చాలా గట్టివి కావడంతో వాటి కంపనాలు ఎలక్ట్రాన్లను అంతగా ఇబ్బంది పెట్టవు.

మిగిలింది మలినాల బెడద. గ్రాఫీన్‌ను నేరుగా సిలికాన్ పలక మీద పరిస్తే కింద ఉన్న గతుకులూ, అక్కడక్కడా చిక్కుకున్న ఆవేశాలూ ఎలక్ట్రాన్ల దారి చెడగొడతాయి. దీనికి దొరికిన మందు బోరాన్ నైట్రైడ్ స్ఫటికం. రెండు స్ఫటికపు పొరల మధ్య గ్రాఫీన్‌ను శాండ్‌విచ్‌లో కూరలా పెడితే అది అద్దంలా చదునుగా, శుభ్రంగా ఉంటుంది. ఈ స్ఫటికాలను అందరికంటే గొప్పగా తయారుచేసేది జపాన్‌లోని సుకుబా నగరంలో ఉన్న జాతీయ పదార్థ విజ్ఞాన సంస్థ. అక్కడి శాస్త్రవేత్తలు కెంజి వతనబె, తకాషి తనిగుచి పంపే స్ఫటికాలే ప్రపంచంలోని ఎన్నో గ్రాఫీన్ ప్రయోగశాలలకు ఆధారం. మన బెంగళూరు ప్రయోగశాలకు కూడా!

తేనె కంటే చిక్కన

2016 మార్చిలో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధనలు ఈ రంగాన్ని మలుపు తిప్పాయి. మాంచెస్టర్ బృందం గ్రాఫీన్‌లోకి సన్నని కొన ద్వారా కరెంటు పంపి, ఆ కొనకు పక్కనే ఓల్టేజీ ఎంతుందో కొలిచింది. మామూలుగా అయితే కరెంటు పారే దిశకు తగ్గట్టుగా ఉండాలి. కానీ తలకిందులుగా వచ్చింది! అంటే అక్కడ ఎలక్ట్రాన్లు సుడిలో పడి వెనక్కి తిరుగుతున్నాయన్నమాట. మహంకాళి గుడి సందు మలుపులో జనం తిరిగినట్టే. ఆ కొలతల నుంచి ఎలక్ట్రాన్ల ప్రవాహపు స్నిగ్ధత, అంటే చిక్కదనం, ఎంతో లెక్కకట్టారు. తేనె కంటే సుమారు పది రెట్లు ఎక్కువని తేలింది!

చిక్కగా ఉంటే నెమ్మదిగా పారాలి కదా అనిపించొచ్చు. ఇక్కడే ఉంది తమాషా. 2017లో అదే మాంచెస్టర్ బృందం గ్రాఫీన్‌లో ఇరుకు ద్వారాలు చేసి చూసింది. ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా ఏ అడ్డూ లేకుండా దూసుకుపోతే ఎంత కరెంటు వెళ్లాలో, అంతకంటే ఎక్కువే వెళ్లింది. గోడవార ఉన్న ఎలక్ట్రాన్లు నెమ్మదించి, మధ్యలో ఉన్నవాటిని గోడకు తగలకుండా కాపాడాయి. ఒకదానికొకటి అడ్డుపడతాయనుకున్నవి ఒకదానికొకటి సాయం చేసుకున్నాయి. 2019లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు ఏకంగా ఆ ప్రవాహాన్ని బొమ్మ కట్టి చూపించారు. మధ్యలో వేగం, అంచుల్లో నిదానం... గొట్టంలో నీళ్లు ఎలా పారతాయో పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు పాజ్వా చెప్పిన ఆకారమే!

గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లూ, వాటి ఖాళీలైన 'హోల్స్'... రెండూ సమానంగా ఉండే ప్రత్యేక స్థితి ఒకటి ఉంది. దాన్ని డిరాక్ బిందువు అంటారు. అక్కడి ప్రవాహాన్ని 'డిరాక్ ద్రవం' అంటున్నారు. లోహాల్లో కరెంటూ వేడీ రెండూ జోడెద్దుల్లా కలిసి నడుస్తాయని 1853లోనే వీడెమన్, ఫ్రాంజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. డిరాక్ ద్రవం ఆ కాడిని తెంచేసింది. హార్వర్డ్ బృందం 2016లో ఈ నియమం పది రెట్ల మేరకు తప్పుతోందని చూపించింది.

2025లో మన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ప్రొఫెసర్ అరిందమ్ ఘోష్, అనికేత్ మజుందార్‌ల బృందం జపాన్ సంస్థతో కలిసి అతి శుభ్రమైన గ్రాఫీన్ నమూనాలు తయారుచేసి, చాలా తక్కువ ఉష్ణోగ్రతల దగ్గర పరీక్షించింది. అక్కడ నియమం 200 రెట్లకు పైగా తప్పింది! వేడి ఒక దారి, కరెంటు ఒక దారి. 'నేచర్ ఫిజిక్స్' పత్రికలో అచ్చయిన ఈ పరిశోధన ప్రకారం ఆ ద్రవం ప్రకృతి అనుమతించే కనీస ఘర్షణకు చాలా దగ్గర్లో ఉంది. విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో ఉండేదని భావించే క్వార్క్-గ్లూవాన్ ప్లాస్మాకు ఇది చుట్టమే. యూరప్‌లో కిలోమీటర్ల పొడవైన యంత్రాలతో సృష్టించే స్థితికి దగ్గరి నమూనా గోరంత చిప్‌లో దొరకడం సామాన్యమైన విషయం కాదు.

అయస్కాంతం... ఓ మెలిక

ఇప్పుడు కథలోకి వెలుగును తెద్దాం.

కాంతి తరంగం ముందుకు వెళ్తూ అడ్డంగా ఊగుతుంటుంది. దండేనికి కట్టిన తాడును ఒకే వైపు ఊపినట్టు, ఊగే దిశ ఒకటే ఉంటే దాన్ని ధ్రువిత కాంతి అంటారు. 1845లో మైకేల్ ఫారడే ఓ బరువైన సీసపు గాజుముక్కను అయస్కాంతం దగ్గర పెట్టి, అందులోంచి ధ్రువిత కాంతిని పంపాడు. బయటికి వచ్చేసరికి ఆ ఊగే దిశ కొంచెం పక్కకి తిరిగింది! వెలుగుకూ అయస్కాంతానికీ సంబంధం ఉందని తెలిసిన తొలి సందర్భం అది. ఇలా పదార్థం, అయస్కాంతం, కాంతి ముగ్గురూ కలిసి ఆడే ఆటల్నే 'మాగ్నెటో ఆప్టికల్' లక్షణాలంటారు.

గాజులో ఈ మెలిక చాలా తక్కువ. సెంటీమీటర్ల మందం ఉంటేగానీ కంటికి ఆనదు. మరి ఒక్క పరమాణువు మందం ఉన్న గ్రాఫీన్‌లో ఎంతుండాలి? ఉన్నా లేనట్టే అనుకుంటాం. కానీ 2011లో జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 7 టెస్లాల అయస్కాంత క్షేత్రంలో దూరపు పరారుణ కాంతిని పంపితే ఆ ఒంటిపొర దాన్ని ఏకంగా సుమారు 6 డిగ్రీలు తిప్పేసింది! సికింద్రాబాద్ క్లాక్‌టవర్‌లో నిమిషాల ముల్లు ఒక్క నిమిషంలో ఎంత జరుగుతుందో అంత. ఏమంత గొప్ప అంటారా? లేజర్ పరికరాల్లో ఈ పనికే వాడే ప్రత్యేక గార్నెట్ స్ఫటికంతో అదే అయస్కాంతంలో మామూలు ఎర్ర కాంతిని అంతే తిప్పాలంటే మిల్లీమీటరులో పదో వంతు మందం కావాలి. గ్రాఫీన్ మందం అందులో మూడు లక్షల వంతు!

7 టెస్లాలు చిన్న బలమేం కాదు. మన ప్రాంతంలో భూమి అయస్కాంత బలానికి అది లక్షన్నర రెట్లకు పైమాటే. ఆసుపత్రుల్లోని ఎమ్మారై యంత్రాల్లో ఉండేది మామూలుగా 1.5 లేదా 3 టెస్లాలు.

ఇంతకీ గ్రాఫీన్ వెలుగును ఎలా తిప్పుతుంది? అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతాయి. ఒక టెస్లా దగ్గర గ్రాఫీన్ ఎలక్ట్రాన్లు సెకనుకు లక్ష కోట్ల చుట్లకు అటూఇటూగా తిరుగుతాయి. అదే వేగంతో ఊగే కాంతి వచ్చి పడితే ఉయ్యాలకు సరైన సమయంలో తోపు ఇచ్చినట్టవుతుంది. ధ్రువిత కాంతిలో కుడివైపు తిరిగే భాగం, ఎడమవైపు తిరిగే భాగం రెండూ కలిసి ఉంటాయి. ఎలక్ట్రాన్లు తమ వైపు తిరిగే భాగంతోనే చెలిమి చేస్తాయి. దాంతో రెండు భాగాలకూ పొత్తు కుదరక వెలుగు మెలితిరుగుతుంది. గ్రాఫీన్‌కు ఇచ్చే చిన్న ఓల్టేజీని మార్చి ఎలక్ట్రాన్ల సంఖ్య పెంచినా తగ్గించినా ఆ మెలిక మారుతుంది. ఎలక్ట్రాన్ల బదులు హోల్స్‌ను నింపితే మెలిక దిశే తిరగబడుతుంది. గాజుతో ఈ సౌకర్యం లేదు.

గుంపుగా గిరగిరా...

ఒక్కో ఎలక్ట్రాన్ విడిగా తిరిగితే ఇదంతా. మరి ఎలక్ట్రాన్లన్నీ ద్రవంలా కలిసిపోతే?

2008లోనే దీనిమీద ఓ లెక్క వేశారు హార్వర్డ్‌లోని భారత సంతతి శాస్త్రవేత్త సుబీర్ సచ్‌దేవ్, ఆయన సహచరుడు మార్కస్ ముల్లర్. ఎలక్ట్రాన్ల ద్రవం అయస్కాంతంలో తిరిగేటప్పుడు ఆ తిరుగుడు వేగాన్ని నిర్ణయించేది ఒక్కో ఎలక్ట్రాన్ లక్షణం కాదనీ, మొత్తం ద్రవంలోని శక్తీ, పీడనమూననీ వాళ్లు తేల్చారు. పైగా ఎలక్ట్రాన్లూ హోల్స్ ఒకదాన్నొకటి రాసుకోవడం వల్ల, గ్రాఫీన్ ఎంత శుభ్రంగా ఉన్నా ఆ తిరుగుడు ఎంతోకొంత నెమ్మదిస్తుంది. అంటే వెలుగు మెలికను జాగ్రత్తగా కొలిస్తే ద్రవం గుట్టు బయటపడాలి. మామూలు అర్ధవాహకాల్లో ఇలా జరగదు. ఎలక్ట్రాన్లు తమలో తాము ఎంత గుద్దుకున్నా ఆ తిరుగుడు వేగం మారదని 1961లోనే వాల్టర్ కోన్ రుజువు చేశాడు. గ్రాఫీన్ ఎలక్ట్రాన్ల వింత నడక ఆ నియమానికి లొంగదు. అందుకే ఈ రంగంలో గ్రాఫీన్‌కు అంత గిరాకీ.

వినడానికి సులువే. చేయడమే కష్టం. కారణం సరళంగా ఉంది. స్నిగ్ధత తెలియాలంటే ద్రవంలో ఒక పొర మరో పొర మీద జారాలి. గిన్నెలోని పానకాన్ని గిన్నెతో సహా అటూఇటూ మెల్లగా జరిపితే అది చిక్కగా ఉందో పలచగా ఉందో తెలియదు. గరిటె పెట్టి కలిపితేనే తెలుస్తుంది. ఈ ప్రయోగాల్లో వాడే టెరాహెర్ట్జ్ కాంతి తరంగం పొడవు మిల్లీమీటరులో మూడో వంతు దాకా ఉంటుంది. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ఢీకొనే దూరమేమో మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే తక్కువ. అంటే వెడల్పాటి గ్రాఫీన్ రేకు మీద పడిన కాంతి ద్రవం మొత్తాన్నీ గిన్నెతో సహా ఊపుతుంది. జారుడు లేదు... చిక్కదనం ఆచూకీ లేదు!

అందుకే పరిశోధకులు గరిటెలు వెతుక్కున్నారు. గ్రాఫీన్‌ను సన్నని పట్టీలుగా కోయడం, ఇరుకు ద్వారాలు చేయడం, అంచుల దగ్గర వెలుగును బంధించడం... ఇవే ఆ గరిటెలు. 2024లో సింగపూర్‌లోని డెనిస్ బందూరిన్ బృందం ఇరుకు ద్వారాలున్న గ్రాఫీన్ మీద టెరాహెర్ట్జ్ కాంతి వేసి చూసింది. ఎలక్ట్రాన్లు వేడెక్కి, వాటి చిక్కదనం తగ్గి, నిరోధం పడిపోయింది. వేడెక్కితే నిరోధం తగ్గాలన్న 1963 నాటి గుర్జీ లెక్కకు ఇది వెలుగు రూపంలో దొరికిన సాక్ష్యం.

అయస్కాంతం కూడా తోడైతే మరో కొత్త లక్షణం పుడుతుంది. పేరు హాల్ స్నిగ్ధత. మామూలు స్నిగ్ధత ప్రవాహాన్ని వెనక్కి లాగి, శక్తిని వేడిగా మార్చేస్తుంది. హాల్ స్నిగ్ధత అలా కాదు. అది ప్రవాహాన్ని పక్కకు నెడుతుందే తప్ప శక్తిని కాజేయదు. దీన్ని 2019లో మాంచెస్టర్ బృందం గ్రాఫీన్‌లో తొలిసారి కొలిచింది. అయస్కాంతంలో పెట్టిన తీగలో అడ్డంగా పుట్టాల్సిన ఓల్టేజీ మీద ఈ ద్రవం ఎదురుదిశలో ప్రభావం చూపించింది.

ఈ హాల్ స్నిగ్ధతను పట్టుకునే 2021లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన జుబిన్ జేకబ్ బృందం మరో అడుగు వేసింది. అయస్కాంతంలో ఉన్న గ్రాఫీన్ ద్రవం, కాంతి విషయంలో ఓ సరికొత్త స్థితిలో ఉన్నట్టేనని వాళ్ల సిద్ధాంతం. ఆ స్థితిలో గ్రాఫీన్ అంచు వెంబడి వెలుగు తరంగం ఒకే దిశలో ప్రయాణించాలి. వెనక్కి తిరగడానికి దారే ఉండకూడదు. వన్‌వే వీధిలో ట్రాఫిక్‌లాగా! అంచులో గతుకులున్నా అది వాటిని చుట్టి ముందుకే పోవాలి. ఇది ప్రస్తుతానికి లెక్కల్లో ఉన్న సంగతి.

తేలని పంచాయితీ కూడా ఒకటుంది. ఎలక్ట్రాన్లు తిరిగే వేగానికి సరిగ్గా రెట్టింపు వేగంతో ఊగే కాంతికి ఈ ద్రవం బలంగా స్పందించాలని రష్యా సిద్ధాంతకర్త అలెక్సెయెవ్ 2018లో లెక్కకట్టాడు. 2022లో గ్రాఫీన్‌లో అదే రెట్టింపు వేగం దగ్గర పెద్ద స్పందన కనిపించింది కూడా. కానీ ఆ ప్రయోగం చేసినవాళ్లు దానికి వేరే కారణం చెప్పారు. ఎలక్ట్రాన్ల తిరుగుడూ, వాటి ఉమ్మడి అలలూ కలిసి పుట్టించే బెర్న్‌స్టీన్ తరంగాలే అందుకు మూలమన్నారు. ఆ తరంగాలకు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ఢీకొనాల్సిన పనే లేదు! ఒకే చోట రెండు వేర్వేరు జాడలు. ఏది గుంపు నడకో, ఏది ఒంటరి పరుగో విడదీయడమే ఇప్పుడు అసలు పరీక్ష.

మనకేంటి లాభం?

ఇంటర్నెట్‌ను మోసుకొచ్చే ఫైబర్ తీగల వెనక లేజర్లుంటాయి. వాటినుంచి బయల్దేరిన కాంతి ఎక్కడో తగిలి వెనక్కి వస్తే లేజర్ చెడుతుంది. అందుకే దాని ముందు 'ఐసోలేటర్' అనే వన్‌వే తలుపు పెడతారు. అది పనిచేసేది ఫారడే కనిపెట్టిన మెలికతోనే. వెళ్లేటప్పుడు 45 డిగ్రీలు తిరిగిన కాంతి తిరిగి వచ్చేటప్పుడు మరో 45 డిగ్రీలు తిరిగి, మొత్తం 90 డిగ్రీలై తలుపు దగ్గరే ఆగిపోతుంది. ఒకే యాంటెన్నాతో సంకేతాలు పంపుతూ అందుకునే రాడార్లలోనూ 'సర్క్యులేటర్' అనే ఇలాంటి పరికరమే ఉంటుంది. ఇవన్నీ అయస్కాంతాలూ స్ఫటికాలూ కలిసిన ముద్దలు. చిప్ మీద ఇమడవు. గ్రాఫీన్‌తో వాటిని పలచగా, ఓల్టేజీతో మార్చుకునేలా చేయాలన్నదే ఆశ. ముఖ్యంగా టెరాహెర్ట్జ్ తరంగాల దగ్గర ఇప్పటికీ మంచి పరికరాలు తక్కువే. వచ్చే తరం వైర్‌లెస్ ఫోన్లకు ఆ తరంగాల మీద చాలామందికి కన్నుంది.

అలాగని రేపే మన ఫోన్లోకి వచ్చేస్తుందనుకుంటే పొరపాటే. బలమైన అయస్కాంతాలు కావాలి. వాటినీ, చాలా నమూనాలనూ చల్లగా ఉంచడానికి హీలియం కావాలి. మన దేశం హీలియంను దాదాపు పూర్తిగా దిగుమతే చేసుకుంటోంది. శుభ్రమైన స్ఫటికాలు జపాన్ నుంచి రావాలి. మంచి గ్రాఫీన్ నమూనాలు ఇంకా చాలా చిన్న ముక్కలే. 6 డిగ్రీల మెలికకూ 45 డిగ్రీల అవసరానికీ మధ్య చాలా దూరముంది.

అయినా ఈ పని విలువ పరికరాలతో ముగిసిపోదు. ఫోన్ వేడెక్కినా, కంప్యూటర్ కేంద్రాలు చల్లదనం కోసం కరెంటును మింగుతున్నా, మూలం ఎలక్ట్రాన్లు దారిలో కోల్పోయే శక్తే. ఆ నష్టం ఎక్కడెక్కడ, ఎందుకు జరుగుతుందో కొత్తగా చెబుతున్నది ఈ ద్రవమే.

వెలుగుతో ఆడుకున్న తెలుగువాడు

కాంతి ఊగే దిశను కొలిచి పదార్థం గుట్టు విప్పడం తెలుగువారికి కొత్తేం కాదు. కృష్ణా జిల్లాలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం 1928లో కలకత్తా వెళ్లి సి.వి.రామన్ దగ్గర చేరారు. నాఫ్తలీన్ స్ఫటికాలు అయస్కాంతానికి దిశను బట్టి ఎలా వేర్వేరుగా స్పందిస్తాయో 1929లోనే రాశారు. 1931లో రామన్‌తో కలిసి, చెదిరిన కాంతి ధ్రువణాన్ని కొలిచి, కాంతి కణానికి స్పిన్ ఉందని ప్రయోగంతో చూపించారు. తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పాఠాలు చెప్పారు. 1952 నుంచి 1957 దాకా తార్నాక పక్కనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలర్‌గా ఉన్నారు. ఆ తర్వాత వెళ్లింది ఎక్కడికో తెలుసా? బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టర్‌గా! నేడు డిరాక్ ద్రవాన్ని కొలిచింది ఆ సంస్థలోనే.

మీరూ చూడొచ్చు!

టేపుతో గ్రాఫైట్: మెత్తని పెన్సిల్ ముల్లుకు పారదర్శక టేపు అంటించి లాగండి. నల్లని మచ్చ వస్తుంది. ఆ టేపును మడిచి మళ్లీ మళ్లీ అంటించి లాగుతుంటే మచ్చ బూడిదరంగులోకి పలచబడుతుంది. అందులో ఇంకా చాలా పొరలుంటాయి. అయినా నోబెల్ అందుకున్న పద్ధతిలో మొదటి మెట్టు అదే. ఒక్క గ్రాఫీన్ పొర తనమీద పడిన వెలుగులో 2.3 శాతాన్ని మాత్రమే ఆపుతుంది.

కళ్లద్దాలతో ధ్రువణం: పోలరాయిడ్ చలువ కళ్లద్దాలను లాప్‌టాప్ తెరకు ఎదురుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. చాలా తెరలు ఓ కోణంలో నల్లబడిపోతాయి. ఆ కోణాన్ని గుర్తుపెట్టుకుని మధ్యలో పారదర్శక టేపు ముక్క పెట్టండి. అక్కడ మళ్లీ వెలుగు వస్తుంది. కాంతి ఊగే తీరును టేపు మార్చిందన్నమాట. ఇది అయస్కాంతం చేసిన మెలిక కాదు. కానీ కొలిచే పద్ధతి మాత్రం జెనీవాలో వాడిన సూత్రమే.

నూట పాతికేళ్లుగా పాఠ్యపుస్తకాల్లో ఎలక్ట్రాన్ ఒంటరి బాటసారే. ఇప్పుడది గుంపులో కలిసి నడవగలదని తెలిసింది. ఆ గుంపు అయస్కాంత క్షేత్రంలో తిరిగేటప్పుడు వెలుగు మీద వేసే ముద్రను పూర్తిగా చదవడం మాత్రం ఇంకా మిగిలే ఉంది. అందుకు కావాల్సిన మొదటి ముడిసరుకు ఇప్పుడు ప్రతి పిల్లాడి కంపాస్ బాక్సులోనూ ఉంది!